ఎర్నవ్వ మోసిన మట్టి

చలి విరిగిన మొదటి నెలలో, అమావాస్య వెళ్ళిన తొమ్మిదో నాడు, ఆటు అయిపోయి పోటు ఇంకా మొదలవని గడియలో, పొద్దు తూర్పు నీళ్ళ మీద మూరెడు లేచిన వేళ, ఎర్నవ్వ తన ఇంటి తిత్తి మూతికి వేసిన కుట్లు విప్పింది.

నాడు గుర్తుంది. గడియ గుర్తుంది. ఏ యేడంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఏళ్ళకు రాజుల పేర్లు పెట్టే అలవాటు ఇంకా పుట్టని కాలం అది. అప్పటికి మా దీవికి పేరు కూడా లేదు. చుట్టూ నీళ్ళు, మధ్యలో రాయి, పైన దేవుడు. అంతే.

మా అమ్మమ్మ వాళ్ళమ్మ దగ్గర విన్న వరసలోనే చెబుతాను. ఎక్కువ చెయ్యను, తక్కువ చెయ్యను.

మా వాళ్ళను ఐర్లండ్ పాత కథల్లో ఫిర్ బోల్గ్ అంటారు. అంటే తిత్తులవాళ్ళు. తోలుసంచులు మోసినవాళ్ళు అన్నమాట. ఆ పేరు ఎవరో వెక్కిరిస్తూ పెట్టారు. మేం దాన్ని బిరుదులా ఉంచుకున్నాం.

ఎర్నవ్వ పుట్టకముందు, వాళ్ళమ్మ కూడా పుట్టకముందు, మా వాళ్ళు తూర్పున ఎండదేశంలో దొరల కింద ఉండేవాళ్ళు. ఆ దేశంలో మట్టంతా లోయల్లో, కొండల మీద ఉత్త రాయి. దొరలకు కొండల మీద పంట కావాలనిపించింది. ఎద్దుతోలుతో తిత్తులు కుట్టించి మా వాళ్ళ వీపులకు తగిలించారు. లోయలో వంగాలి. నింపాలి. ఎత్తాలి. నడవాలి. కొండ మీద కుమ్మరించి మళ్ళీ దిగాలి. రాయి మీద మట్టి పరుచుకుని, మట్టి మీద పచ్చిక లేచి, కొండ చూడముచ్చటగా తయారయ్యేసరికి దొర వచ్చేవాడు. "ఇది నాది. నువ్వు పక్క కొండకు పో" అనేవాడు.

మూడు తరాలు, మూడు కొండలు. ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం తిత్తి తిరగేసి దులిపి చూపించాలి. గోటి సందులో మట్టి కనబడినా దెబ్బలే.

ఒకనాడు మా వాళ్ళు ఆ తిత్తులనే విప్పి, కర్రచట్రాలకు బిగించి, పడవలు చేసుకుని పడమటికి వచ్చేశారు. అన్నాళ్ళూ వీపు మీద ఉన్నది ఆనాడు కాళ్ళ కిందికి వచ్చింది. ఐర్లండ్ ఒడ్డున దిగగానే మూడు పనులు చేశారు. ముందు నేలకు మొక్కారు. తరవాత పడవలు విప్పి మళ్ళీ తిత్తులు కుట్టుకుని, నరం దారంతో వాటి మూతులు మూసేశారు. ఆ మీదట అందరూ చేతులు కలిపి ఒట్టు పెట్టుకున్నారు.

"మా వీపు మీదికి మట్టి మళ్ళీ ఎక్కదు."

ప్రతి ఇంట్లోనూ గుమ్మానికి ఎదురుగా, మూతి కుట్టిన తిత్తి ఒకటి వేలాడేది. పిల్లలు దాన్ని తాకకూడదు. ఒట్టు తప్పినవాళ్ళకు మూడు శిక్షలు. ఒకటి, ఎవరూ నిప్పు ఇవ్వరు. రెండు, ఎవరూ పక్కన కూర్చుని తినరు. మూడోది అన్నిటికన్నా పెద్దది. మా వాళ్ళలో ఏటా మొదటి పన, అంటే తొలి వెన్నుల కట్ట, కోసేనాడు, కొడవలి పెట్టకముందు, పెద్దాయన పొలం గట్టున నిలబడి పోయినవాళ్ళ పేర్లన్నీ చదివేవాడు. ఒట్టు తప్పిన మనిషి పేరు అందులో ఉండదు. పేరు చెప్పించుకోని మనిషి పుట్టనే లేదని లెక్క.

మంచి నేల మీద కొన్నాళ్ళు మంచిగానే బతికారు. తరవాత మెరిసే ఈటెలు పట్టుకుని కొత్తవాళ్ళు దిగారు. యుద్ధం అయింది. మా వాళ్ళు మూడు రోజులు నిలబడ్డారు. నాలుగో రోజు నిలబడడానికి మనుషులు చాలలేదు. మిగిలినవాళ్ళను కొత్తవాళ్ళు సముద్రం దాకా తరిమి, నీళ్ళ మధ్య ఉన్న ఒక రాతి దీవి చూపించారు. "మీకు మిగిలింది అదే" అన్నారు.

ఆ దీవి అంతా ఒక్కటే బండ. పగుళ్ళలో పాదం ఇరుక్కుంటుంది. చెట్టు లేదు, చేను లేదు. గాలికి నిలబడడానికి అక్కడ రాయికి తప్ప దేనికీ చేతకాదు.

ఆ వచ్చినవాళ్ళలో ఎర్నవ్వ ఉంది. ఆమె నాయకుడి కూతురు కాదు, నాయకుడి భార్య కాదు. మొగుడు యుద్ధంలో పోయాడు. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచేది. చిరిగిన వలలు బాగుచేసేది. నలుగురు కూడిన చోట గుమ్మం పక్కన, చలి తగిలేచోట కూర్చునేది. ఆమెను ఎవరూ ఏదీ అడిగేవాళ్ళు కాదు. ఆమె కూడా ఎవరికీ ఏదీ చెప్పేది కాదు. ఆమెకు ఒక కొడుకు, కోన్రి. ఒక కోడలు, దెర్వ. 

మొదటి చలికాలం చేపలతో, సముద్రపు పిట్టల గుడ్లతో గడిచింది. చలి విరిగేసరికి అందరికీ ఎముకలు పైకి కనబడసాగాయి. దెర్వకు అప్పుడు నాలుగో నెల. అప్పుడు ఒడ్డు నుంచి ఆ కొత్తవాళ్ళ దొర పడవ వచ్చింది. అందులో దొర మనిషి నిలబడి ఉన్నాడు. బండ మీద కాలు కూడా పెట్టలేదు.

"మా దొర కోట కడుతున్నాడు. కట్టకు మట్టి కావాలి. మీ వీపులు ఆ పనికే పుట్టాయి కదా. పూటకో రొట్టె, పడుకోడానికి చోటు" అన్నాడు.

మా పెద్దాయన పేరు బ్రెకాన్. ఆయన తాత వీపు మీద చర్నాకోల చారలు ఉండేవట. చిన్నప్పుడు ఆ చారల మీద వేలు పెట్టి లెక్కలు నేర్చుకున్నానని చెప్పేవాడు. "మా వాళ్ళు మట్టి మొయ్యరు" అన్నాడు బ్రెకాన్.

"మొయ్యకండి. రాయి కొరుక్కుని తినండి. మూడు పున్నములు పోయాక మళ్ళీ వస్తాను. అప్పటికి మిగిలినవాళ్ళు ఎక్కండి."

పడవ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కోన్రి ఇంటికి వచ్చి, తల వంచుకుని, ఉప్పుచేప ముక్క నములుతూ అన్నాడు.

"అమ్మా, ఆ పడవ వచ్చినప్పుడు మనం వెళ్ళిపోదాం."

"అక్కడ ఏం పని రా?"

"విన్నావు కదా. మట్టి పనే."

"మరి ఒట్టు?"

"అక్కడ బ్రెకాన్ పెద్దాయన కళ్ళు ఉండవులే."

ఎర్నవ్వ వల పక్కన పెట్టింది. "దెర్వ కడుపులో బిడ్డ ఎక్కడ పుడుతుంది?"

"కోట దగ్గర."

"ఎవరి బిడ్డ అవుతుంది?"

కోన్రి చేతిలో ముక్క కింద పెట్టాడు. దొర రొట్టె తిని పుట్టిన బిడ్డ ఎవరిదవుతుందో ఎండదేశం కథలు విన్న ప్రతివాళ్ళకూ తెలుసు.

"ఒట్టు ఎలాగూ తప్పుతానంటున్నావు" అంది ఎర్నవ్వ. "దొర కోసం తప్పేదేదో మన కోసమే తప్పరాదా?"

"ఏం చేస్తావమ్మా ఈ బండ మీద?"

"మన వాళ్ళు మూడు కొండల మీద ఏం చేశారో అదే."

దెర్వ నోరు కొంచెం గట్టిది. నవ్వేసింది. "ఆ కొండల కింద లోయ ఉందత్తా, లోయలో మట్టి ఉంది. ఇక్కడ కింద ఉప్పునీళ్ళున్నాయి. ఏం మోస్తావు, అలలా?"

"ఏదో ఒకటి దొరుకుతుంది. నాకు విత్తనం ఇవ్వు."

ఇంట్లో విత్తనం యవలు మూడు దోసిళ్ళు ఉన్నాయి. మంచి నేల నుంచి తెచ్చుకున్నవి, మట్టికుండలో పెట్టి మూత పెట్టినవి. దెర్వ కుండ మీద చెయ్యి వేసింది.

"ఇది నా బిడ్డకు జావ."

"జావ అయితే మూడు పూటలు. మొలిస్తే నీ బిడ్డకే కాదు, దాని బిడ్డకు కూడా. మూడు పున్నములకు మూడు దోసిళ్ళు. ఒక్కటీ మొలవకపోతే నా చేత్తోనే మూట కడతాను. నేనే ముందు పడవెక్కుతాను."

దెర్వ మొగుడి వైపు చూసింది. కోన్రి తల ఊపాడు. తల్లి ఎప్పుడూ ఏదీ అడగలేదు. అడిగిన మొదటిసారి కాదనడానికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున, నేను ముందే చెప్పిన ఆ నాడు, ఆ గడియలో, ఎర్నవ్వ గుమ్మం ఎదుట కూర్చుని ఎముక సూదితో ఒక్కొక్క కుట్టూ విప్పింది. వాళ్ళవ్వ వేసిన కుట్లు అవి. తిత్తి మూతి తెరిచి, తిరగేసి, అరచేతిలోకి దులిపింది. అడుగుకుట్టు మూల నుంచి చిటికెడు ఎర్రమట్టి రాలింది. ఎండదేశం మట్టి. దొర ఎన్ని సాయంత్రాలు దులిపించినా రాలనిది. సముద్రమంతా కింద నుంచి కడిగినా పోనిది.

"అది పారెయ్యత్తా. పాపిష్టి మట్టి" అంది దెర్వ.

"దీనికేం తెలుసు పాపం. దొర పేరు కూడా తెలియదు" అంది ఎర్నవ్వ. ఆ చిటికెడును కళ్ళకద్దుకుని బట్ట కొసన ముడివేసుకుంది.

తిత్తి వీపుకు తగిలించుకుని ఆమె బయటికి రాగానే ఊరు ఊరంతా చూసింది. బ్రెకాన్ కర్ర పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎర్నా, అది దించు."

"దించుతాను పెద్దాయనా. నిండినాక."

"శిక్షలు తెలుసు కదా."

"మూడూ తెలుసు."

"నిప్పు ఇవ్వరు."

"ఎండలో కూర్చుంటాను."

"పక్కన కూర్చుని తినరు."

"తినడానికి ఉన్నప్పుడు ఆ సంగతి చూద్దాం."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బ్రెకాన్ నవ్వలేదు. ఆయన గొంతు తగ్గింది. "నీ పేరు చదవను, ఎర్నా. నీ మొగుడి పేరు చదువుతాను, నీది చదవలేను. నా చేతిలో లేదు."

ఎర్నవ్వ వీపు మీది తిత్తి సవరించుకుంది.  తరవాత, "ఆ పేర్లు వినడానికి ముందు ఎవరైనా మిగలాలి కదా పెద్దాయనా" అని, కాలు ఈడ్చుకుంటూ ఆయన పక్కగా చుట్టు తిరిగి, సముద్రం వైపు దిగిపోయింది.

ఆ రోజు నుంచి ఎర్నవ్వ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చోలేదు. కొడుక్కి శిక్ష తగలకూడదని గోడ బయట చాప వేసుకుంది.

ఒడ్డున ఇసుక ఉంది. ఎర్నవ్వ వంగింది. నింపింది. ఎత్తింది. నడిచింది. ప్రతి బరువు దించేటప్పుడూ ఒకే మాట అనేది. "మెల్లగా దిగు తల్లీ. ఇది మన ఇల్లే." ఇంటి వెనక బండ మీద చాపంత మేర ఇసుక పరిచింది. మొదటి దోసిలి చల్లింది. మూడో రోజు పడమటి గాలి వచ్చింది. ఇసుక పోయింది, విత్తనం పోయింది. బండ ఊడ్చినట్టు మిగిలింది.

వలలు లాగే మగవాళ్ళు అటుగా పోతూ పలకరించారు.

"ఏం ఎర్నవ్వా, పంట కోతకొచ్చిందా?"

"గాలి ముందే కోసుకుపోయింది నాయనా" అంది ఆమె. మళ్ళీ ఒడ్డుకు దిగింది.

గాలికి ఇసుక ఎగరకూడదంటే తడిగా ఏదైనా పట్టి ఉంచాలి. పోటు వచ్చి పోయినప్పుడల్లా ఒడ్డున నాచు మిగిలేది. నల్లగా, జిగురుగా, గుర్రం తోకలంత పొడుగున. ఎర్నవ్వ వంగింది. నింపింది. ఎత్తింది. నడిచింది. నాచు ఒక వరస, ఇసుక ఒక వరస. నీళ్ళు కారి వీపంతా తడిసేది. ఉప్పుకు భుజాలు పుండ్లు పడ్డాయి. రెండో దోసిలి చల్లింది. గాలి వచ్చింది, ఏమీ పోలేదు. ఎర్నవ్వ దేవుడికి దండం పెట్టుకుంది. ఆ తరవాత రెండు రోజులు వాన పడింది. వాన వెలిసేసరికి వేసినదంతా బండ పగుళ్ళలోకి జారి, ఎక్కడికి పోయిందో తెలియకుండా పోయింది.

"ఏం ఎర్నవ్వా, ఈసారి ఎవరు కోసుకుపోయారు?"

"ఈసారి రాయి తినేసింది నాయనా. దానికీ ఆకలే."

నవ్వారు గానీ ఆ నవ్వు మునుపటి నవ్వు కాదు. ఆ పగుళ్ళ పక్కన ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చోవడం వాళ్ళు చూశారు. అప్పటికి రెండు పున్నములు గడిచాయి. ఊళ్ళో మూడు ఇళ్ళవాళ్ళు మూటలు కట్టి గుమ్మాల దగ్గర పెట్టుకున్నారు. కోన్రి కూడా మూటకు తాడు పేనుతున్నాడు.

ఎర్నవ్వ ఆ పగుళ్ళ వంకే చూస్తూ కూర్చుంది కదా, అప్పుడు ఒకటి కనబడింది. పగులు లోపల, చెయ్యి పట్టేంత లోతున, చిన్న మొక్క ఒకటి పెరుగుతోంది. రాయిలో మొక్క ఎలా ఉంది? చెయ్యి పెట్టి చూసింది. వేళ్ళకు నల్లటి మట్టి అంటింది. ఎన్ని వందల ఏళ్ళ ఆకులో, ఎన్ని పిట్టల రెట్టలో, గాలి తెచ్చి రాయి దాచుకున్న మట్టి.

"ఓహో, నువ్వూ తిత్తిలో దాచుకున్నావా" అంది బండతో.

ఆలిచిప్ప ఒకటి తీసుకుని దీవిలో పగులు పగులుకూ తిరిగింది. ఒక పగుల్లో గుప్పెడు. ఒక పగుల్లో చిటికెడు. ఒకదాంట్లో ఏమీ లేదు. రోజంతా గీకితే తిత్తికి పావు వంతు. గీకిన పగుళ్ళను ఊరికే వదల్లేదు. తన చాపంత మేరలో ఉన్న ప్రతి పగులునూ చిన్న రాళ్ళు ఏరి, కూరి, అదిమి మూసింది. ఇక రాయి తినదు. చుట్టూ మోకాలెత్తు గోడ పేర్చింది. ఇక గాలి కొయ్యదు. అప్పుడు నాచు, దాని మీద ఇసుక, మళ్ళీ నాచు, మళ్ళీ ఇసుక, అన్నిటి మీద పగుళ్ళ నల్లమట్టి. బట్ట కొసన ముడి విప్పి, చిటికెడు ఎర్రమట్టిని మధ్యలో పెట్టింది.

చివరి రోజుల్లో ఆమెకు తిత్తి ఎత్తడం చేతకాలేదు. వంగేది. నింపేది. ఎత్తబోయి కూలబడేది. అలా మూడోసారి కూలబడ్డప్పుడు తిత్తి దానంతట అదే పైకి లేచినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే దెర్వ. ఆరు నెలల పొట్టతో వంగి, అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తుతోంది.

"ఏయ్, నువ్వు వద్దు. ఒట్టు" అంది ఎర్నవ్వ.

"ఎత్తుతున్నానత్తా, మొయ్యడం లేదు. ఎత్తితే ఒట్టు పోతుందని ఎవరూ అనలేదు."

"పెద్దాయన చూస్తే?"

"చూస్తే ఆయన్ని కూడా ఒక పక్క ఎత్తమంటాను. నడువు, నడువు. నాకు నడుం నొప్పిగా ఉంది."

ఆ రోజు నుంచి దెర్వ ఎత్తేది, ఎర్నవ్వ నడిచేది. మూడో దోసిలి కలిసి చల్లారు. దెర్వ చల్లినంతసేపూ ఏదో గొణుక్కుంటూనే ఉంది. తిట్టిందో మొక్కిందో ఇప్పటికీ మా ఇంట్లో రెండు రకాలుగా చెబుతారు.

మూడో పున్నమి మర్నాడు పొద్దున దొర పడవ వచ్చింది. మూటలతో మూడు ఇళ్ళవాళ్ళు ఒడ్డున నిలబడ్డారు. కోన్రి చేతిలో తాడు ఉంది, మూట లేదు. దొర మనిషి చుట్టూ చూశాడు. బండ మీద, గోడ మధ్య, చాపంత మేర పచ్చగా ఏదో కదులుతోంది.

"ఏమిటది?"

ఎర్నవ్వ గుమ్మం బయట కూర్చుని వల కుడుతోంది. తల ఎత్తకుండానే అంది. "యవలు బాబూ. మీ వైపు ఇంకా మొలవలేదా?"

దొర మనిషి నవ్వాడు. "దుప్పటంత ఉంది. దాంతో ఎవరి కడుపు నింపుతావు ముసలమ్మా?"

దానికి జవాబు కోన్రి ఇచ్చాడు. "ఎంతైతేనేం. కప్పుకునేది మేమే కదా. నువ్వు పో. మీ దొర కట్ట మీ దొర వీపు మీద కట్టుకొమ్మను."

దుప్పటంత పొలం ఊరి కడుపు నింపదని ఎర్నవ్వకు తెలుసు, కోన్రికి తెలుసు, ఒడ్డున నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు. కానీ వాళ్ళు ఆ పచ్చదనాన్ని చూశారు. ఒక ఇంటివాళ్ళు మూట దించారు. రెండో ఇంటివాళ్ళు దించారు. మూడో ఇంటావిడ మూట దించి, దాని మీదే కూర్చుని ఏడ్చింది. పడవ వచ్చినంత తేలికగానే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

అంతమాత్రాన ఒట్టు మారలేదు. ఎవరూ తిత్తి విప్పలేదు. కానీ పిల్లలు నాచు తెచ్చి, ఎవరో పారేసినట్టు ఎర్నవ్వ గోడ పక్కన కుప్పగా పోసి పోయేవాళ్ళు. వలలు లాగేవాళ్ళు పక్క నుంచి పోతూ, గోడలో కదిలిన రాయి కనబడితే కాలితో సర్దిపోయేవాళ్ళు. ఒకనాడు బ్రెకాన్ అటు వచ్చాడు. గోడకు ఇవతలే నిలబడి, ఎన్ను పట్టిన యవలను చూస్తూ ఉండిపోయాడు. ఎర్నవ్వ ఆయన్ని కూర్చోమనలేదు. కూర్చోకూడదని ఇద్దరికీ తెలుసు.

ఎండాకాలం మధ్యలో దెర్వకు ఆడపిల్ల పుట్టింది. మా బండ మీద పుట్టిన మొదటి బిడ్డ. ఎవరి రొట్టె తినీ పుట్టలేదు.

పైరు పండింది. కోత రేపనగా, మధ్యాహ్నం వేళ, ఎర్నవ్వ గోడ మీద కూర్చుని మనవరాలిని ఒళ్ళో పెట్టుకుంది. ఎన్ను ఒకటి వంచి పిల్ల బుగ్గకు రాసింది. పిల్ల తుమ్మింది. ఎర్నవ్వ నవ్వి, దెర్వను పిలిచి పిల్లను అందించింది.

"నన్ను రాళ్ళ కిందే పెట్టండి" అంది.

"ఇప్పుడేమిటత్తా ఆ మాటలు?"

"మట్టి మాత్రం పొయ్యకండి. మట్టి అన్నానికి."

దెర్వ పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఎర్నవ్వ అలాగే కూర్చుని ఉంది. గోడకు ఆనుకుని, కళ్ళు పైరు మీద. గాలి ఉంది, వెంట్రుకలు కదులుతున్నాయి. ఆమె లేదు.

పొద్దు కుంకకముందే బండ నెర్రెలో పడుకోబెట్టి పైన రాళ్ళు పేర్చారు. మట్టి పొయ్యలేదు. ఊరంతా వచ్చింది. బ్రెకాన్ వచ్చాడు. మామూలుగా అయితే పోయినవాళ్ళ పేరు మూడుసార్లు పిలవాలి. ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఎవరూ పిలవలేదు.  కోన్రి వంగి చివరి రాయి సర్దాడు. దెర్వ మాత్రం బ్రెకాన్ ముఖంలోకి సూటిగా చూసి, పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున, ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. కోన్రి గోడ బయట చాప మీద పడి ఉన్న తిత్తి తీసి వీపుకు తగిలించుకున్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్క తిత్తే. దెర్వ తన దుప్పటి నాలుగు కొసలూ ముడివేసి భుజాన వేసుకుంది. ఒక చంకన పిల్ల. ఇద్దరూ ఒడ్డుకు దిగారు. వంగారు. నింపారు. ఎత్తారు. నడిచారు. పండిన పైరు పక్కన, గోడకు అవతల, కొత్త బండ మీద మొదటి బరువు దించారు.

వెనక్కి తిరిగితే దారి పొడుగునా మనుషులు. మూటలు దించిన మూడు ఇళ్ళవాళ్ళు, వలలు లాగేవాళ్ళు, ముసలివాళ్ళు. ఇంటికో వీపు మీద తిత్తి, మిగతా వీపుల మీద దుప్పటి మూటలు. ప్రతి తిత్తి మూతీ విప్పి ఉంది. ఎర్నవ్వ సమాధి దగ్గర పోద్దామని కొందరు అటు తిరిగారు. కోన్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కడ కాదు. అమ్మ వద్దంది. ఇక్కడ పొయ్యండి."

అందరికన్నా చివర బ్రెకాన్ వచ్చాడు. ఆయన తిత్తి మూతి కుట్లు విప్పి లేవు, కత్తితో కోసి ఉన్నాయి. ముసలి వేళ్ళకు ఆ ముడులు చిక్కలేదట. ఆ వయసులో, ఆ ఊరి పెద్ద, అందరూ చూస్తుండగా వంగాడు. నింపాడు. ఎత్తలేకపోయాడు. దెర్వ వెళ్ళి అడుగున చెయ్యి పెట్టింది. ఎత్తింది. ఆయన నడిచాడు. బరువు దించి, వీపు నిటారు చేసుకుని, గట్టున నిలబడ్డాడు. పేర్లు చదివే వేళ అది.

"ఒట్టు తప్పినవాళ్ళ పేరు చదవకూడదు" అన్నాడు బ్రెకాన్. "ఇవాళ అందరం తప్పాం. నేనూ తప్పాను. ఇక ఎవరినీ వదిలిపెట్టడానికి లేదు. ఏ వరసలో చదవాలో చెప్పేవాళ్ళు కూడా లేరు. అందుకని ముందు తప్పినావిడతో మొదలుపెడతాను."

ఎర్నా అని ఒకసారి పిలిచాడు. ఎర్నా అని రెండోసారి పిలిచాడు. మూడోసారి ఆయన గొంతు వినబడలేదు. ఊరంతా పిలిచింది.

ఆ తరవాతే కొడవలి పెట్టారు.

ఇప్పుడు మా దీవిలో గోడల మధ్య గోడలుగా ఎన్ని పొలాలున్నాయో లెక్క లేదు. ప్రతి దాని అడుగునా బండే ఉంది. దేవుడు మాకు నేల ఇవ్వలేదని ఎవరైనా జాలిపడితే మా వాళ్ళు ఊరుకోరు. ఆయన రాయి ఇచ్చాడు, వీపు ఇచ్చాడు, మిగతాది ఎర్నవ్వ చూపించింది అంటారు. తిత్తులు ఇప్పటికీ గుమ్మానికి ఎదురుగానే వేలాడతాయి, మూతులు తెరుచుకుని. మొదటి పన కోసేనాడు పేర్లు చదివితే రాజుల కన్నా ముందు, యుద్ధంలో పోయిన వీరుల కన్నా ముందు, వలలు బాగుచేసే ఆవిడ పేరు వస్తుంది. ఎవరింట్లో ఎవరు పోయినా సమాధి మీద మట్టి పొయ్యరు. మర్నాడు పొద్దున, పొయ్యి వెలిగించకముందు, ఇంటిల్లిపాదీ ఒడ్డుకు దిగి తలా ఒక బరువు మోసుకొచ్చి పొలంలో దించుతారు. చేతకానివాళ్ళకు పక్కవాళ్ళు అడుగున చెయ్యి వేస్తారు. దించేటప్పుడు అందరూ అనే మాట ఒకటే.

"మెల్లగా దిగు తల్లీ. ఇది మన ఇల్లే."

మా అమ్మ పోయిన మర్నాడు పొద్దున మేమూ అలాగే చేశాం. ఆరుగురం, ఆరు బరువులు. ఆ తరవాత పొయ్యి వెలిగించి, యవల జావ కాచుకున్నాం.